విద్యుత్తు వెలపై సర్కారు ఊరట

ఈ పూట మీ యెదుట పెట్టదలచిన విషయము విద్యుచ్ఛక్తి వెలకు సంబంధించినది. బావి మీది మోటారుకు కరెంటు ఉచితముగ వచ్చుచుండగా ఈ ప్రసంగము మనకేల అని కొందరికి తోచవచ్చును. కాని మన మోటారును త్రిప్పు కరెంటునే పెద్ద పెద్ద కార్ఖానాలును కొనుచున్నవి. వానిలో కొన్నింటికి సర్కారు ఒక్కొక్క కాలమున వెల తగ్గించి యిచ్చినది. మరియొక కాలమున ఆ తగ్గింపును తీసివేసినది. తగ్గిన సొమ్ము గాలిలో కలిసిపోవునది కాదు. దానిని ఎవరో యొకరు భరింపవలసినదే. ఎవరు భరించిరి, ఎందులకు భరించిరి, దానివలన ఫలించినదేమి అను మూడు ప్రశ్నలకు గడచిన చరిత్ర యిచ్చు సమాధానమును క్లుప్తముగ విన్నవింతును.

మొదట కార్ఖానాలలోని భేదమును గ్రహింపవలెను. బియ్యపు మిల్లునకును, నూనె గానుగకును కరెంటు కావలెను. కాని అచ్చట అసలు సరకు వడ్లు, పల్లీలు; కరెంటు ఖర్చు వాని ప్రక్క చిన్నది. కొన్ని కార్ఖానాలలో స్థితి వేరు. ఉక్కు గట్టిపడుటకు, తుప్పు పట్టకుండుటకు దానిలో మాంగనీసు, క్రోమియము మొదలగు లోహములను కలుపుదురు. ఆ లోహములను ఇనుముతో గూర్చి సిద్ధపరచు వానిని ఫెర్రో ఎల్లాయిసు కార్ఖానాలందురు. అచ్చట ఖనిజమును, కోకును విద్యుత్ కొలిమిలో వేసి, కరెంటు పుట్టించు వేడిమితో కరగింతురు. ఒక టన్ను ఫెర్రోక్రోము తీయుటకు సుమారు 4000 యూనిట్లు ఖర్చగును. అల్యూమినియమునకు టన్ను ఒక్కంటికి సుమారు 14000 యూనిట్లు పట్టును. కరెంటే వీనికి ముడిసరకు వంటిది.

మన లెక్కలో చెప్పిన ఇది మరింత స్పష్టపడును. ఐదు హార్సుపవరు మోటారు రోజుకు ఏడు గంటలు నడచిన దాదాపు 26 యూనిట్లు కాలును. 4000 యూనిట్లతో ఆ మోటారును ఇంచుమించు ఐదు నెలలు నడపవచ్చును. అనగా ఒక రైతు బావికి ఒక పంట కాలమంతయు సరిపోవు కరెంటు, కొలిమిలో ఒక్క టన్ను లోహమునకు సరిపోవుచున్నది. యూనిటు వెల ఒక్క రూపాయి పెరిగిన టన్ను లోహపు ఖర్చు 4000 రూపాయలు పెరుగును. ఆ లోహము అమ్ముడుపోవు ధరయో, దేశదేశముల బజారులో నిర్ణయమగుచుండును. కార్ఖానాదారు తన ఖర్చు పెరిగినదని ధర పెంచజాలడు. అందువలననే ఈ కార్ఖానాల వారు ఎల్ల కాలముల సర్కారు వాకిట నిలిచి ఊరట కోరుచుందురు.

వృత్తివ్యాపారములకు రాజు ఊరట కల్పించుట మన దేశమునకు క్రొత్త గాదు. ఓరుగల్లు నేలిన కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244–45 ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనమును వేయించెను. అంతకు మున్ను ఓడలు గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొని వచ్చినచో అందలి సరకును రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప వేరేమియు గొనమని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. ఆ శాసనములో మనము గమనింపవలసినవి రెండు కలవు. ఊరటను రాతి మీద అందరికి కనబడునట్లు వ్రాయించెను. సుంకమును పూర్తిగ మాపక, ఎంత కొనునది స్పష్టపరచెను. వర్తకునకు వెల తగ్గుట యెంత ముఖ్యమో, వెల నిలుకడగా నుండుటయు నంత ముఖ్యము. ఈ మాట ముందు మనకు మరల పనికివచ్చును.

ఇక విద్యుత్తు కాలమునకు వత్తము. నిజాము రాజ్యమున 1920లో హుస్సేను సాగరు గట్టున బొగ్గుతో నడచు విద్యుత్ కేంద్రము వెలసెను. 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధి యేర్పడి, సర్కారు సొమ్ముతో కార్ఖానాలకు ఊతమిచ్చుట ఆరంభమాయెను. 1934లో వరంగల్లున ఆజంజాహి మిల్లు నెలకొనెను. 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపితమాయెను. ఆ రోజులలో ఊళ్లకు కరెంటు లేదు. కరెంటు వెలలో కార్ఖానాకును రైతునకును తగవు పుట్టుటకు తావే లేదు. రైతు మీది భారము వేరు దారుల వచ్చెను: శిస్తు, లెవీ ధాన్యము, వెట్టి. తన పొలములో పండిన పంట తనదేనని విసునూరు దేశముఖుతో పోరాడిన చాకలి ఐలమ్మ పుట్టిన ప్రాంతమున ఆ సంగతి నేను విప్పి చెప్పనక్కర లేదు.

దక్షిణమున తిరువాన్కూరు సంస్థానమున 1940లో పళ్లివాసలు జలవిద్యుత్ కేంద్రము ఆరంభమాయెను. ఆ కరెంటు నాధారముగ చేసికొని 1943లో ఆళువ వద్ద మన దేశపు తొలి అల్యూమినియము తయారయ్యెను. క్రొత్తగా జలవిద్యుత్తు పుట్టించిన సర్కారులకు ఒక చిక్కు కలదు. నీరు పారుచుండును, యంత్రము తిరుగుచుండును; కరెంటును గాదెలో పోసి దాచుటకు వీలు లేదు. కొనువాడు లేకున్న అది వ్యర్థము. రేయింబవళ్లు ఒకే తీరున కరెంటు లాగు కొలిమి దొరికిన, కట్టిన ఆనకట్ట అప్పు తీర్చుటకు దారి దొరకినట్లే. అందువలన ఆ కాలమున కార్ఖానాకు చౌకగ కరెంటిచ్చుట దయాదానము కాదు, అమ్మువానికిని లాభమే.

మన ప్రాంతముననూ అదే వరుస నడచెను. 1948లో విద్యుత్ సరఫరా చట్టము వచ్చెను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రమును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించెను. అదే యేట ఫెర్రో ఎల్లాయిసు కార్పొరేషను స్థాపితమై, గరివిడి వద్ద శ్రీరామనగరున కొలుములను నెలకొల్పెను. 1959 ఏప్రిలు 1వ తేదిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడెను. పాల్వంచ చెంత కొత్తగూడెము థర్మల్ కేంద్రము 1960 దశకమున నిలిచెను. 1972లో నవభారత్ ఫెర్రో ఎల్లాయిసు సంస్థ యేర్పడి పాల్వంచలోనే తన కార్ఖానాను కట్టెను. కరెంటు పుట్టిన చోటునకు కొలిమి నడచి వచ్చెననవచ్చును.

తరువాతి కాలమున లెక్క మారెను. ఊరూరికి తీగలు సాగెను. మోటబావులు మోటారు బావులాయెను. చెరువు క్రింద సాగు తగ్గిన మన మెట్ట ప్రాంతములలో బోరుబావియే దిక్కాయెను. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలమున పంపుసెట్లకు హార్సుపవరునకు ఏడాదికి 50 రూపాయల చొప్పున లెక్క గట్టిరి. అనగా మీటరుతో పని లేదు. రైతునకిది గొప్ప ఊరట. కాని బోర్డునకు ఖర్చును రాబడియు సమముగ నుండవలెను గదా. రైతు నుండి రాని సొమ్మును కార్ఖానాల నుండియు, దుకాణముల నుండియు రాబట్టుట అలవాటాయెను. ఒకని వెల పెంచి మరియొకని వెల తగ్గించు ఈ పద్ధతిని క్రాస్ సబ్సిడీ యందురు. ఒకప్పుడు చౌకగ కరెంటు పొందిన కొలుములు, ఇతరుల ఊరటకు సొమ్ము కట్టువారి వరుసలో చేరెను.

వారు ఊరకుండలేదు. అధికముగ విద్యుత్తు వాడు కార్ఖానాలు తమకు పెంచిన ధరలు న్యాయము కాదని న్యాయస్థానములకెక్కెను. విశాఖపట్టణమున జింకు కరగించు హిందూస్తాన్ జింకు సంస్థ పేర నడచిన వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయెను. 1991లో తీర్పు విద్యుత్ బోర్డునకు అనుకూలముగ వచ్చెను. ధరలు నిర్ణయించుట శాసనము చేయుట వంటి పని యనియు, చట్టము చెప్పిన కనీసపు మిగులు కంటె ఎక్కువ మిగిలినంత మాత్రమున ఆ ధర చెల్లనిది కాదనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. చౌక కరెంటు కార్ఖానాకు జన్మహక్కు కాదని దీనివలన తేలిపోయెను. ఇచ్చిన ఊరటను సర్కారు తిరిగి తీసికొనవచ్చును.

అయితే వ్యాజ్యమున గెలిచినంతనే చిక్కు తీరలేదు. వెల మితిమీరిన పెద్ద కొనుగోలుదారు వేరు దారి వెదకుకొనును. పాల్వంచ నవభారత్ సంస్థ 1990 దశకమున తన కొలుములకై సొంత విద్యుత్ కేంద్రమునే కట్టుకొనెను. ఇట్లు సొంతముగ పుట్టించుకొనువారు పెరిగినకొలది, వేళకు బిల్లు కట్టు పెద్ద ఆసాములు బోర్డు నుండి తొలగుదురు. మిగిలినవారి మీది భారము మరింత హెచ్చును. అందువలన కార్ఖానా మీద ఎంత మోపినను మోయునని తలచుట పొరపాటు. చెరువు నిండుగ నున్నదని తూములన్నియు తెరచిన, పైరు చేతికి వచ్చువేళకు నీరుండదు.

1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టము వచ్చెను. 1999లో బోర్డు విడివడి ఉత్పత్తికి జెన్కో, సరఫరాకు ట్రాన్స్‌కో యేర్పడెను. ధరలు నిర్ణయించుటకు ప్రత్యేకముగ విద్యుత్ నియంత్రణ మండలి నియమితమాయెను. 2000వ సంవత్సరమున మండలి నిర్ణయించిన ధరల పెంపుపై రాష్ట్రమంతట అలజడి పుట్టెను. ఆగస్టు 28వ తేదిన హైదరాబాదు బషీరుబాగు వద్ద నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. కరెంటు వెల కాగితము మీది లెక్క మాత్రమే కాదని ఆ దినము తెలిపెను.

2003లో కేంద్ర ప్రభుత్వము చేసిన విద్యుత్ చట్టమున 65వ సెక్షను మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. రాష్ట్ర ప్రభుత్వము ఏ తరగతి వినియోగదారులకైన ఊరట నీయదలచిన, ఆ మొత్తమును ముందుగనే పంపిణీ సంస్థకు చెల్లింపవలెను. చెల్లింపనిచో ఆ ఊరట చెల్లదు. మండలి నిర్ణయించిన ధరయే వర్తించును. ఈ నియమము రైతు పంపుసెట్టునకును కార్ఖానా కొలిమికిని సమానము. దాని భావమేమన, సర్కారు ఉదారత సర్కారు ఖజానా నుండియే రావలెను. పొరుగువాని బిల్లులో దాగి రాకూడదు. 2004 మే 14వ తేదిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగ ప్రమాణము చేసి, వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకము చేసెను. తెలంగాణ రాష్ట్రమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత సరఫరా ఆరంభమాయెను. ఈ ఊరటలకు సర్కారు బడ్జెటులో సొమ్ము చూపవలసి యుండును.

ఫెర్రో ఎల్లాయిసు కార్ఖానాలకు మండలి ఒక ప్రత్యేక తరగతిని కల్పించెను. ఇతర పెద్ద కార్ఖానాలు వాడిన కరెంటుకు గాక, తమకై నిలిపియుంచిన సామర్థ్యమునకు గూడ డిమాండు ఛార్జి కట్టుచుండగా, వీనికి దాని నుండి మినహాయింపు నిచ్చెను. దానికి బదులు ఒక షరతు విధించెను. ఒప్పుకొన్న సామర్థ్యములో కె.వి.ఎ. ఒక్కంటికి ఏడాదికి 6701 యూనిట్లు వాడి తీరవలెను. వాడకున్నను వాడినట్లే లెక్క గట్టి బిల్లు వేయుచుండిరి. ఏడాదికి గంటలు 8760. వానిలో అధిక భాగము కొలిమి మండవలెనని దీని యర్థము. ఊరట పొందువాడు ప్రతిగా ఒక మాట యిచ్చి నిలబెట్టుకొనవలె నను న్యాయమిందు కలదు. ఐనను బజారులో లోహము ధర పడిపోయి కొలిమి చల్లారిన యేట ఈ షరతే ఉరిత్రాడగును. ఆ మాటయు మరువరాదు.

2012లో రాష్ట్రమున విద్యుత్ కొరత తీవ్రము కాగా కార్ఖానాలకు విద్యుత్ సెలవులు ప్రకటించిరి. వెల తగ్గించుట అటుండగా, వెల పెట్టినను కరెంటు దొరకని కాలమది. 2014 జూను 2న తెలంగాణ యేర్పడినప్పుడు కరెంటు పంపకమున తెలంగాణకు నూటికి 53.89 వంతులు, ఆంధ్రప్రదేశమునకు 46.11 వంతులుగ నిర్ణయించిరి. అటుపిమ్మట రెండు రాష్ట్రములును వేర్వేరు దారుల నడచెను. ఆంధ్రప్రదేశమున 2022లో కార్ఖానాలపై యూనిటుకు ఆరు పైసలుగ నుండిన విద్యుత్ సుంకమును ఒక్క రూపాయికి పెంచగా, ఫెర్రో కార్ఖానాల వారు కొలుములు మూసికొనవలసి వచ్చునని మొరపెట్టుకొనిరి. ఇందాక చెప్పిన లెక్క ప్రకారము టన్ను ఒక్కంటికి ఇంచుమించు 3760 రూపాయల అదనపు భారము. గరివిడి, బొబ్బిలి ప్రాంతములలో కొలిమి మీద బ్రతుకు కూలివాని కడుపునకు తగులు దెబ్బ యది.

తెలంగాణ కథలో మన పాత వరంగల్లు జిల్లాకే చెందిన ముచ్చట యొకటి కలదు. గోదావరి యొడ్డున మంగపేట మండలము కమలాపురమున కలప నుండి రేయాను గుజ్జు తీయు కార్ఖానా ఉండెను. ఆ యూరు నేడు ములుగు జిల్లాలో చేరినది. మన పాలకుర్తి జనగామ జిల్లాలో చేరినట్లే. 2014లో ఆ కార్ఖానాలో ఉత్పత్తి నిలిచెను. వేలాది కుటుంబముల జీవనము దానితో ముడివడియుండుటచే, రాష్ట్ర ప్రభుత్వము కలప మీదను, కరెంటు మీదను కొన్ని యేండ్ల పాటు రాయితీ యిత్తునని ముందుకు వచ్చెను. ఐనను యంత్రములు మరల తిరుగలేదు. ఆ 2014లోనే సిర్పూరు కాగితపు మిల్లు గూడ మూతపడెను. దానికిని ప్రభుత్వము రాయితీలు ప్రకటించెను. ఆ మిల్లును జె.కె. పేపరు సంస్థ దివాలా చట్టము క్రింద తీసికొని, 2018లో తిరిగి తెరచెను.

ఒకే ప్రభుత్వము, ఇంచుమించు ఒకే కాలము, ఒకే విధమైన ఊరట. ఒక కార్ఖానా లేచెను, ఒకటి లేవలేదు. భేదమేమి? సిర్పూరునకు పాత అప్పుల చిక్కు న్యాయమార్గమున తెగి, మిల్లు నడపుటకు సిద్ధపడిన క్రొత్త యజమాని దొరకెను. కమలాపురమునకు ఆ యదృష్టము పట్టలేదు. దీనివలన తెలియునదేమన, కరెంటు రాయితీ నడచు బండికి కందెన వంటిది. ఎద్దులు లేని బండికి ఎంత కందెన రాచినను అది కదలదు. ఈ వివేచన లేక, మూతపడిన ప్రతి కార్ఖానాకు కరెంటు వెల తగ్గించుటయే మందని చెప్పువారి మాటను కొంచెము ఆగి వినవలెను.

చిన్న కార్ఖానాలను గూర్చియు ఒక మాట. తెలంగాణలో 2014 నాటి పారిశ్రామిక ప్రోత్సాహక విధానమున క్రొత్తగ పెట్టిన చిన్న, మధ్యతరహా కార్ఖానాలకు ఐదేండ్ల పాటు యూనిటుకు ఒక రూపాయి చొప్పున తిరిగి చెల్లింతుమని చెప్పిరి. ఇది ముందు బిల్లు కట్టి, తరువాత సర్కారు నుండి పుచ్చుకొను పద్ధతి. కాని ఇట్టి ప్రోత్సాహకములు బకాయిలు పడుచున్నవని కార్ఖానాదారులు పలుమారులు ఫిర్యాదు చేసిరి. పెద్ద కార్ఖానా బకాయిని కొన్నాళ్లు ఓర్చుకొనగలదు. అప్పు తెచ్చి నాలుగు యంత్రములు పెట్టినవాడు ఓర్వజాలడు. వేళకు రాని ఊరట ఎండిన పైరునకు వచ్చిన వాన వంటిది.

మన దేశమునకు వెలుపల జరిగిన దొకటి చెప్పి ముగింతును. ఆఫ్రికాలోని ఘానా దేశము 1957లో స్వతంత్రమై, వోల్టా నదిపై అకొసొంబో వద్ద గొప్ప ఆనకట్ట కట్టెను. 1966లో అది ఆరంభమాయెను. ఆ కరెంటు కొనుటకై అమెరికా సంస్థలు వాల్కో అను అల్యూమినియము కార్ఖానాను 1967లో నడిపింప మొదలిడెను. ముప్పది యేండ్లకు సరిపడ చౌక ధరకు ఒడంబడిక వ్రాసికొనిరి. ఘానా నేలలోనే అల్యూమినియపు ఖనిజమున్నను, ఆ కార్ఖానా ముడిసరకును వెలుపలి నుండి తెప్పించుకొనెను. 1980 దశకపు తొలినాళ్ల ఘోరమైన కరవు వచ్చి జలాశయము తగ్గిపోగా కొలుములు ఆపవలసి వచ్చెను. తుదకు 1985లో ఘానా ప్రభుత్వము సంస్థతో మరల బేరమాడి ధరను హెచ్చుగ నిర్ణయింపజేసికొనెను. ఆ కార్ఖానా లేకున్న ఆనకట్టకు అప్పు పుట్టెడిది కాదన్నది నిజము. దీర్ఘకాలము మార్చుటకు వీలులేని చౌకధర వ్రాసియిచ్చుట వలన దేశము నష్టపడెనన్నదియు నిజము. రెంటిని కలిపి చూచినగాని చరిత్ర బోధపడదు.

పెద్దలారా, ఈ కథయంతయు విన్న పిమ్మట, కార్ఖానాకు ఊరట తప్పనియు, రైతునకు ఊరట ఒప్పనియు, లేక దానికి తలక్రిందుగను తీర్మానించుట తగదు. కొలిమి చల్లారిన మన పిల్లలకు పని యుండదు. బావి యెండిన మనకు తిండి యుండదు. అడుగవలసినది వేరు. ఊరట సొమ్ము ఖజానా నుండి ముందుగ చెల్లించిరా, లేక పంపిణీ సంస్థ పద్దులో అప్పుగ మిగిల్చిరా? అది ఎన్నాళ్లకు, ఏ షరతుపై యిచ్చిరి? ఇచ్చిన తరువాత కొలిమి మండెనా, కూలి దొరకెనా? గణపతిదేవుని శాసనమున నున్న నిలుకడయు, బహిరంగతయు నేటి ఉత్తరువులలో నున్నవా?

ఈ ప్రశ్నలు అడుగుటకు మనకు తావు కలదు. ధరలు నిర్ణయించుటకు ముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజల ఆక్షేపణలను స్వీకరించి, బహిరంగ విచారణ జరుపుట చట్టములోని పద్ధతి. పాలకుర్తికి కరెంటిచ్చు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు వరంగల్లే కేంద్రము. ఆ సంస్థ తన రాబడి, ఖర్చుల లెక్కలను మండలి ముందుంచునప్పుడు, ఏ వినియోగదారుడైనను కాగితము మీద తన అభ్యంతరము వ్రాసి పంపవచ్చును. విచారణకు పోయి మాటలాడవచ్చును. కార్ఖానాల వారు తమ లెక్కలతో, తమ న్యాయవాదులతో ప్రతి విచారణకు పోవుచుందురు. ఊరి పక్షమున చదువు వచ్చిన పెద్ద లిద్దరు ముగ్గురు ఆ లెక్కలను తెప్పించుకొని, రచ్చబండ యొద్ద పదిమందికి చదివి వినిపించి, తోచిన ప్రశ్నలను వ్రాసి పంపిన చాల మేలు.